పదిమంది పని – ఒకరి పూచీ

(ప్లాటినం జూబిలీ ఉత్సవాల సందర్భంగా పూర్వ విద్యార్థుల సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)

 

డెబ్బై అయిదు సంవత్సరాలుగా ఈ మరాఠీ నేలపై తెలుగు అక్షరదీపాన్ని ఆరనీయక కాపాడుతున్న మన పాఠశాల ప్లాటినం జూబిలీ జరుపుకొనడం మనందరికీ గర్వకారణం. తెలంగాణ పల్లెలనుండి మగ్గాన్ని నమ్ముకొని సోలాపూరుకు తరలివచ్చిన మన పెద్దలు, పగలు నేతపని చేసి, తమ బిడ్డలకు అమ్మభాషలో చదువు చెప్పించాలని సంకల్పించారు. ఆ సంకల్పబలంతో నాలుగక్షరాలు నేర్చినవారిలో నేనొకణ్ణి. ముప్పై ఏళ్లుగా కంప్యూటరు రంగంలో ఉన్నవాణ్ణి గనుక, ఆ రంగంలో ఇప్పుడు జరుగుతున్నదేమిటో తల్లిదండ్రులకు అర్థమయ్యేట్లు చెప్పమని ఉత్సవ సంఘంవారు ఆదేశించారు.

ఈ మధ్య ఎక్కడికి వెళ్లినా తల్లిదండ్రులు నన్నడిగే ప్రశ్న ఒక్కటే. ‘కంప్యూటరు ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి మాట్లాడుకొని, పని పంచుకొని, మనిషి లేకుండానే చక్కబెట్టుకుంటాయట గదా! ఇక మా పిల్లలకు మిగిలేదేమిటి?’ అని. ఇది తేలికగా తీసివేయదగిన ప్రశ్న కాదు. యంత్రం వచ్చి జీవనాధారాన్ని మార్చివేయడం ఎలా ఉంటుందో సోలాపూరు తెలుగువారికి ఒకరు చెప్పనక్కరలేదు. చేతిమగ్గం పోయి మరమగ్గం రావడం చూశాం. ఊరికి పేరు తెచ్చిన పాత మిల్లులు మూతపడడం చూశాం. కాబట్టి ఊరడింపు మాటలు చెప్పి తప్పించుకొనక, ఆ ప్రోగ్రాములు నిజంగా ఎట్లా పనిచేస్తాయో, ఎక్కడ తప్పుతాయో వివరించి, ఆ తరువాతనే జవాబు మనవిచేస్తాను.

ఏజెంటు అనగానే మనకు ఎల్.ఐ.సి. ఏజెంటు గుర్తుకు వస్తాడు. పోలిక సరైనదే. ఒకరి తరఫున, ఒక పని నెరవేర్చే బాధ్యతతో, ప్రతి అడుగుకూ యజమానిని అడగకుండా, పరిస్థితిని బట్టి తానే నిర్ణయించుకొని నడిచేవాడు ఏజెంటు. సామాన్యమైన ప్రోగ్రాము మనం చెప్పిన వరుసలో చెప్పినట్లు చేస్తుంది. ఏజెంటు అనిపించుకొనే ప్రోగ్రాముకు గమ్యం మాత్రమే చెబుతాం. దారి అదే వెదుక్కుంటుంది. అటువంటి ఏజెంట్లు పలువురిని ఒకచోట చేర్చి, ఒకే పనికి నియోగించి, వారి మధ్య రాకపోకలకు నియమాలు ఏర్పరచే ఆధార నిర్మాణాన్నే ఇంగ్లీషులో ఫ్రేమ్‌వర్కు అంటారు. మనం చట్రం అందాం.

ఒక దుప్పటి తయారు కావాలంటే ఎంతమంది చేతులు కలవాలో ఈ సభలో తెలియనివారు లేరు. నూలుకు రంగు వేసేవారు ఒకరు, కండెలు చుట్టేవారు ఒకరు, పడుగు సిద్ధం చేసేవారు ఒకరు, గంజి పెట్టేవారు ఒకరు, నేసేవారు ఒకరు. ఇందులో ప్రతివారూ తమ పనిలో నేర్పరులే. అయినా రంగు వేసినవాడు ఏ రంగు ఎంత నూలుకు వేశాడో పడుగువాడికి తెలియకపోతే, అందరి నేర్పూ కలిసి ఒక పనికిరాని గుడ్డ తయారవుతుంది. పలువురు కలిసి చేసే పనిలో అసలు కష్టం మనిషిలో లేదు, మనిషికీ మనిషికీ మధ్య ఉన్నది. నేను ఈనాడు చెప్పదలచిన విషయమంతా ఈ ఒక్క వాక్యంలో ఉన్నది.

ఈ కష్టాన్ని కంప్యూటరు శాస్త్రజ్ఞులు నిన్న మొన్న గుర్తించలేదు. అర్ధ శతాబ్దానికి పూర్వమే గుర్తించారు. ఆ తొలి ప్రయత్నాలలో ఒకదాన్ని నడిపినవారు మన తెలుగువారే. నాటి చిత్తూరు జిల్లాలోని కాటూరు గ్రామంలో 1937లో జన్మించి, మద్రాసు గిండీ ఇంజనీరింగు కళాశాలలో 1958లో పట్టం పుచ్చుకొని, అమెరికాలో స్థిరపడిన ఆచార్య రాజ్ రెడ్డిగారు కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో మనిషి మాటను యంత్రానికి తెలియజెప్పే పరిశోధనకు నాయకత్వం వహించారు. 1970ల మధ్యలో అక్కడ తయారైన హియర్సే-2 అనే వ్యవస్థ సుమారు వేయి పదాల పరిధిలో ఇంగ్లీషు వాక్యాలను గుర్తించగలిగింది.

దాని నిర్మాణం మన ఉపాధ్యాయులకు మిక్కిలి నచ్చుతుంది. ఒక భాగం ధ్వనులను, ఒక భాగం అక్షరాలను, ఒకటి పదాలను, మరొకటి వాక్య నిర్మాణాన్ని ఎరుగును. ఇవి ఒకదానితో ఒకటి నేరుగా మాట్లాడవు. అన్నిటికీ ఎదురుగా ఒక నల్లబల్ల ఉంటుంది. దాని పేరే బ్లాక్‌బోర్డు! ధ్వనులు తెలిసిన భాగం తన ఊహను, దానిపై తనకెంత నమ్మకమున్నదో సహా, బల్లమీద రాస్తుంది. పదాలు తెలిసిన భాగం అది చూసి, ‘ఇది ఫలానా పదం కావచ్చు’ అని పైన రాస్తుంది. వాక్యం తెలిసిన భాగం ఆ పదం అక్కడ పొసగదని తేల్చితే, కిందివారి ఊహ విలువ తగ్గుతుంది. తరువాత ఎవరి వంతో నిర్ణయించేందుకు ఒక నిర్వాహకుడుంటాడు. తరగతిలో పదిమంది పిల్లలు ఒక కష్టమైన లెక్కను బల్లమీద తలా కొంత సాధించడం వంటిదే ఇది. రాజ్ రెడ్డిగారికి 1994లో కంప్యూటరు శాస్త్రంలో అత్యున్నతమైన ట్యూరింగు పురస్కారం లభించింది. ఆసియా సంతతివారిలో దానిని అందుకొన్న ప్రథములు వారే.

రెండవ పద్ధతి ఇంకొక రకం. 1980లో రీడ్ స్మిత్ అనే శాస్త్రజ్ఞుడు ‘కాంట్రాక్ట్ నెట్’ అనే నియమావళిని ప్రకటించాడు. మన ఊళ్లలో చాటింపు వేసి, పాట పాడించి, పని అప్పగించడం ఉన్నదే, సరిగ్గా అదే ఇది. పని ఉన్న ఏజెంటు చాటింపు వేస్తుంది. ఆ చాటింపులో నాలుగు విషయాలు ఉండితీరాలి: ఎవరు అర్హులు, పని ఏమిటి, పాటలో ఏయే వివరాలు తెలపాలి, గడువు ఎప్పటితో ముగుస్తుంది. చేయగలిగినవి తమ పాట తెలుపుకుంటాయి. తగినదానికి పని అప్పగింత జరుగుతుంది. పని తీసుకొన్నది దానిని ముక్కలుచేసి, తాను మళ్లీ చాటింపు వేయవచ్చు. ఒకడు విఫలమైతే అదే పనిని తిరిగి చాటవచ్చు.

1996లో స్విట్జర్లాండులో ఫిపా అనే సంస్థ ఏర్పడి, వేర్వేరు కంపెనీల ఏజెంట్లు పరస్పరం మాట్లాడుకొనే తీరుకు ప్రమాణాలు రూపొందించింది. ప్రతి సందేశమూ ఏ తరగతికి చెందినదో ముందే ప్రకటించాలన్నది అందులో ముఖ్యమైన నియమం. ఇది అభ్యర్థనా, సమ్మతా, తిరస్కారమా, సమాచారమా, పని విఫలమైందన్న విన్నపమా? వాటిలో ఒక తరగతి నాకు ఎంతో ఇష్టం: ‘అర్థం కాలేదు’ అన్నది. తనకు తెలియనిదానిని తెలిసినట్లు నటించక, అర్థం కాలేదని చెప్పడం అక్కడ ఒక గుర్తింపు పొందిన సందేశం. తరగతిలో చేయెత్తి ‘అర్థం కాలేదండీ’ అన్న విద్యార్థిని అభినందించే గురువుకు ఈ నియమం విలువ వెంటనే తెలుస్తుంది. ఈ ప్రమాణాలను అనుసరించి ఇటలీలోని టెలికాం పరిశోధనాలయం జేడ్ అనే చట్రాన్ని తయారుచేసి 2000వ సంవత్సరంలో అందరికీ ఉచితంగా అందుబాటులోకి తెచ్చింది. టెలిఫోను డైరెక్టరీవలె ‘ఏ పని ఎవరు చేస్తారు’ అని చూసుకొనే పట్టిక కూడా అందులో ఉన్నది.

మొత్తంమీద ఏ చట్రమైనా చేసే పనులు నాలుగు. ప్రతి ఏజెంటుకూ ఒక పేరు, ఒక చిరునామా ఇవ్వడం మొదటిది. సందేశాల రూపాన్ని నిర్ణయించడం రెండవది. జరిగిన పనిని అందరూ చూడగలిగేట్లు భద్రపరచడం మూడవది. ఎప్పుడు ముగించాలో, ఎప్పుడు ఆపివేయాలో నిర్ణయించడం నాలుగవది. మొదటి మూడూ శ్రద్ధతో కట్టి, నాలుగవదాన్ని మరచిపోవడం చాలామంది నిర్మాతలకు అలవాటు.

ఇంతవరకు చెప్పినవాటిలో ఏజెంట్ల భాష గుర్తుల భాష. 2022 చివరలో చాట్‌జీపీటీ వెలువడిన తరువాత పరిస్థితి మారింది. మనుషుల మాటలను గ్రహించి మాటలతోనే బదులిచ్చే భాషా నమూనాలు ఏజెంట్లకు మెదడుగా అమరాయి. 2023లో మైక్రోసాఫ్టు పరిశోధకులు ఆటోజెన్ అనే చట్రాన్ని విడుదలచేశారు. లాంగ్‌గ్రాఫ్, క్రూఏఐ వంటివి తోడయ్యాయి. వీటిలో ఒక ఏజెంటును ‘నీవు రచయితవు’ అని, మరొకదాన్ని ‘నీవు పరిశీలకుడవు’ అని, ఇంకొకదాన్ని ‘నీవు లెక్కలు సరిచూసేవాడవు’ అని మామూలు మాటలతోనే నియమించవచ్చు. ఏజెంట్లు బయటి పరికరాలను, దస్త్రాలను వాడుకొనేందుకు ఆంత్రోపిక్ సంస్థ 2024 నవంబరులో ఒక ప్రమాణాన్ని, ఏజెంట్లు పరస్పరం సంప్రదించుకొనేందుకు గూగుల్ సంస్థ 2025 ఏప్రిల్‌లో మరొక ప్రమాణాన్ని ప్రకటించాయి. ఫిపా సంస్థ తలపెట్టిన కార్యమే కొత్త రూపంలో మళ్లీ మొదలైందన్నమాట.

సౌలభ్యం పెరిగింది, నిజమే. దానితోపాటు మాటల్లో ఉండే సందిగ్ధత కూడా లోపలికి వచ్చింది. ‘నూలు తక్కువైతే చెప్పి పంపండి’ అన్న వాక్యం చూడండి. కబురు పంపమని ఒకరు గ్రహిస్తారు. ముందుగా చెప్పి, ఆపైన సరుకు పంపమని మరొకరు గ్రహిస్తారు. మనుషులమైతే ఎదుటివారి ముఖం చూసి సరిదిద్దుకుంటాం. ఏజెంట్లకు ఆ అవకాశం లేదు. ఒకటి కబురు పంపి ఊరకుంటుంది, ఒకటి సరుకు ఎదురుచూస్తూ కూర్చుంటుంది. తప్పు ఏ ఒక్కదానిదీ కాదు. రెంటి నడుమ ఉన్న వాక్యానిది.

ఇక్కడ చిన్న లెక్క. ఒక పనిలో ఇరవై మెట్లున్నాయనుకోండి. ప్రతి మెట్టూ నూటికి తొంభై అయిదు సార్లు సరిగా జరుగుతుంది. మంచి పనివాడే గదా అనిపిస్తుంది. కాని ఇరవై మెట్లూ వరుసగా తప్పులేకుండా ముగిసే అవకాశం నూటికి 36 మాత్రమే. అదే ప్రతి మెట్టు దగ్గరా సరిచూసి, తప్పును 200లో ఒకటికి తగ్గించగలిగితే, ఆ 36 కాస్తా 90కి పెరుగుతుంది. గణితం చెప్పే అయ్యవార్లు ఈ లెక్కను పిల్లలచేత చేయించవలసిందిగా నా మనవి. తనిఖీ విలువ ఏమిటో ఉపన్యాసం కన్నా ఈ గుణకారం బాగా నేర్పుతుంది.

2025లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ శాఖకు చెందిన పరిశోధకులు ఇటువంటి బహు ఏజెంట్ వ్యవస్థలు ఎందుకు విఫలమవుతున్నాయో పరిశీలించి, 14 రకాల వైఫల్యాలను గుర్తించి, మూడు వర్గాలుగా విభజించారు. పనిని, పాత్రలను సరిగా నిర్దేశించకపోవడం ఒకటి, ఏజెంట్ల మధ్య పొంతన కుదరకపోవడం ఒకటి, ఫలితాన్ని సరిచూడకపోవడం ఒకటి. ఏ ఆఫీసులోనైనా, ఏ ఉత్సవ సంఘంలోనైనా పనులు చెడిపోయేది ఈ మూడు కారణాలవల్లనే కాదా?

చట్రం లేకుండా స్వతంత్ర ప్రోగ్రాములు ఒకదానికొకటి ఎదురుపడితే ఏమవుతుందో లోకం ఒకమారు చూసింది. 2010 మే 6వ తేదీన అమెరికా షేర్ల మార్కెట్టులో ఒక పెద్ద పెట్టుబడి సంస్థ 75,000 ఒప్పందాలను, దాదాపు 410 కోట్ల డాలర్ల విలువైనవాటిని, అమ్మివేయమని ఒక ప్రోగ్రాముకు అప్పగించింది. గడచిన నిమిషంలో జరిగిన వ్యాపారంలో తొమ్మిది శాతం చొప్పున అమ్ముతూ పొమ్మన్నారు. ధర ఎంత పడిపోతే ఆగాలో చెప్పలేదు, ఎంత కాలంలో అమ్మాలో చెప్పలేదు. కొనవలసిన వైపున కూడా చాలావరకు ప్రోగ్రాములే ఉన్నాయి. అవి కొన్నది వెంటనే ఒకదానికొకటి అమ్ముకోసాగాయి. పద్నాలుగు సెకండ్లలో 27,000 ఒప్పందాలు చేతులు మారాయి. చేతులు మారినకొద్దీ వ్యాపారం పెరిగినట్లు కనిపించింది. వ్యాపారం పెరిగినట్లు కనిపించినకొద్దీ మొదటి ప్రోగ్రాము ఇంకా వేగంగా అమ్మింది. డౌ జోన్స్ సూచీ కొద్ది నిమిషాలలో వేయి పాయింట్లకు చేరువగా పడిపోయింది. కొన్ని షేర్లు ఒక్క సెంటుకు అమ్ముడుపోయాయి.

ఆ సంఘటనకు గల కారణాలపై నిపుణులలో భిన్నాభిప్రాయాలున్నాయి. కాని ప్రభుత్వ నియంత్రణ సంస్థల విచారణ నివేదికలో ఒక విషయం స్పష్టంగా ఉన్నది. ఆ ఒప్పందాలు జరిగే చికాగో మార్కెట్టులో, ధరలు హద్దుమీరితే వ్యాపారాన్ని తనంతట తానే నిలిపివేసే ఏర్పాటు ఒకటుండేది. అది పనిచేసి అయిదు సెకండ్లపాటు వ్యాపారాన్ని ఆపింది. ఆ అయిదు సెకండ్ల తరువాత ధరలు నిలదొక్కుకొని, తిరిగి పైకి రాసాగాయి. అక్కడ ఉన్న ఏ ప్రోగ్రాము తెలివీ ఆ పతనాన్ని ఆపలేదు. ఆపినది ‘ఆగు’ అన్న ఒక చిన్న నియమం!

ఈ నియమం మన నేతవారికి కొత్తది కాదు. 1924లో జపాను దేశంలో సకిచి టొయోడా నిర్మించిన స్వయంచాలక మగ్గం ఎందుకు ప్రసిద్ధికెక్కిందో తెలుసునా? వేగంగా నేసినందుకు మాత్రమే కాదు, దారం తెగిన వెంటనే తనంతట తాను ఆగినందుకు. దారం తెగినా ఆగని మగ్గం గజాలకొద్దీ చెడిన గుడ్డనే నేస్తుంది. అది ఎంత వేగంగా నడిస్తే అంత నష్టం. ఆగిన మగ్గం దగ్గరకు మనిషి వస్తాడు. తెగిన పోగు ఎక్కడున్నదో చూస్తాడు. ముడివేస్తాడు. మళ్లీ నడిపిస్తాడు. స్వతంత్రంగా నడిచే యంత్రానికి ఆగడం తెలిసి ఉండాలి. అది ఆగినప్పుడు వచ్చి చూసేందుకు పూచీపడిన మనిషి ఒకడుండాలి.

ఇప్పుడు తల్లిదండ్రుల ప్రశ్నకు జవాబు మనవిచేస్తాను. కొన్ని పనులు తగ్గుతాయి. వరుసగా, ఒకే తీరున, ఆలోచన అక్కరలేకుండా చేసే కాగితపు పని చాలావరకు ఈ ఏజెంట్లకు పోతుంది. దీన్ని దాచడం మీ పిల్లలకు మేలుచేయడం కాదు. కాని పదిమంది ఏజెంట్లు పంచుకొన్న పనికి పూచీ పదిమందికీ పంచి ఇవ్వడం సాధ్యపడదు. ఆస్పత్రిలో మందు మోతాదు తప్పితే, బ్యాంకులో పేదవాడి రుణం అన్యాయంగా నిరాకరింపబడితే, ‘మూడవ ఏజెంటు రెండవదానికి అలా చెప్పిందండీ’ అన్న సమాధానం ఎవరికీ సమ్మతం కాదు, కాకూడదు. సంతకం పెట్టే మనిషి ఒకరు కావాలి. ఆ మనిషికి పని ఎలా విడదీయాలో, ఎవరికి ఏది అప్పగించాలో, ఎక్కడ సరిచూడాలో, ఎప్పుడు ఆపాలో తెలియాలి. ఈ నేర్పు కలవారి అవసరం తగ్గడంలేదు, పెరుగుతున్నది.

ఉపాధ్యాయ మహాశయులకు ఒక విన్నపం. ఈ నేర్పు అలవరచేందుకు కంప్యూటర్లే అక్కరలేదు. అయిదుగురు పిల్లలకు ఒక పని ఇవ్వండి. పాఠశాల గ్రంథాలయంలోని పుస్తకాల పట్టిక తయారీ అనుకొందాం. ఎవరు ఏమి చేస్తారో వారిచేతనే చాటింపు వేయించండి, ఒప్పుకొనేవారిచేత నోటితో ఒప్పించండి, అప్పగింతను నల్లబల్లమీద రాయించండి. ఒకరు చేసినదాన్ని మరొకరిచేత సరిచూపించండి. చివరికి ఆ పట్టిక కింద ఒక్కరిచేత సంతకం పెట్టించండి. పట్టికలో తప్పు దొరికితే ఆ సంతకం చేసిన బిడ్డ లేచి నిలబడి, తప్పు ఎక్కడ జరిగిందో వివరించగలగాలి. బహు ఏజెంట్ వ్యవస్థల శాస్త్రంలో సగం ఈ ఒక్క అభ్యాసంలో ఇమిడి ఉన్నది.

తెలుగు మాధ్యమం గురించి కూడా ఒక మాట. తెలుగులో చదివితే ఈ కొత్త లోకంలో వెనుకబడతారేమో అన్న బెంగ నేను ఎరుగుదును. ఇంగ్లీషు నేర్వవలసిందే, మరాఠీ నేర్వవలసిందే. అందులో సందేహం లేదు. ఈ భాషా నమూనాలు మొదట్లో తెలుగు వాక్యాన్ని చిన్నచిన్న ముక్కలుగా చీల్చి చదివేవి. అందువల్ల తెలుగులో పని చేయించుకోవడం ఖర్చుతో కూడినదై ఉండేది. 2024లో ఓపెన్ఏఐ సంస్థ తన కొత్త నమూనాను ప్రకటిస్తూ, ముక్కలు మునుపటికన్నా గణనీయంగా తగ్గిన భాషల జాబితాలో తెలుగును కూడా చూపింది. తలుపు తెరుచుకుంటున్నది. కాని ఏ భాషలో ఆదేశించినా కావలసినది స్పష్టత. ఎవరు, ఏమి, ఎప్పటిలోగా, ఎంతవరకు, కాకపోతే ఏమిటి అన్న అయిదు ప్రశ్నలకు చోటులేకుండా ఒక వాక్యం రాయగలిగినవాడు ఏ యంత్రానికైనా, ఏ మనిషికైనా పని చెప్పగలడు. ఆ వాక్యం రాయడం పిల్లవాడు ముందుగా నేర్చుకొనేది తన ఇంటి భాషలోనే. వ్యాకరణం చెప్పిన మా తెలుగు అయ్యవారు కర్త ఏది, కర్మ ఏది, క్రియ ఏది అని ప్రతి వాక్యాన్నీ విప్పించి చూపినప్పుడు మేము విసుక్కున్నమాట నిజమే. నేడు కంప్యూటరు ముందు కూర్చొని నేను చేసే పనిలో పెద్దభాగం అదే.

ప్రియమైన విద్యార్థులారా! రేపు మీ చేతికింద పదిమంది ఏజెంట్లు పనిచేసే రోజు రావచ్చు. అవి మీకన్నా వేగంగా చదువుతాయి, వేగంగా రాస్తాయి. వాటి వేగాన్ని చూసి భయపడవద్దు, మురిసిపోవద్దు. అర్థం కానప్పుడు అర్థం కాలేదని చెప్పండి. పోగు తెగినట్లు అనుమానం కలిగితే మగ్గం ఆపండి. పని పంచండి, పూచీ మాత్రం మీ దగ్గర ఉంచుకోండి.

 మన పాఠశాల శతవార్షికోత్సవం కూడా ఇంతకు మిన్నగా జరుపుకొనాలని, ఆనాటి వేదికపై ఈనాటి ఈ చిన్నారులే పెద్దలై ఆసీనులు కావాలని ఆకాంక్షిస్తూ సెలవు తీసుకుంటున్నాను.